నలభై ఒకటి తరుగు

మా చెల్లెలు యాభై ఒకటో ఏట పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు పొద్దున నేను దాన్ని ఒక మాట అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాక, అది వదిలేసి వెళ్ళిన పాటల కోసం మూడు నెలలు నానా తిప్పలూ పడ్డాను.

అమ్మా నాన్నా పోయాక ఇరవై రెండేళ్ళు ఆ రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను సబ్బుల గోడౌన్‌లో టాలీ రాస్తాను. లారీ లోంచి ఎన్ని పెట్టెలు దిగాయి, ఎన్ని ఎక్కాయి, ఎన్ని చిరిగాయి, ఎన్ని తగ్గాయి, అన్నీ నా అట్ట మీద టిక్కులుగా పడాల్సిందే. అందుకే హమాలీలు నన్ను టిక్కుల మేడమ్ అంటారు. ఎదురుగా మేడమ్ ఒక్కటే అంటారనుకోండి.

చెల్లి కళ్ళద్దాల షాపులో కౌంటర్ దగ్గర కూర్చునేది. ఆ షాపుకు అద్దాలు అరగదీసి ఇచ్చే ఆయన ఒకడున్నాడు. భార్య పోయిన మనిషి. మాట కన్నా ముందు దగ్గు వస్తుంది. పదేళ్ళపాటు దానితో నమస్కారం తప్ప మరో ముక్క మాట్లాడలేదట. పదకొండో ఏడు మాట్లాడాడు. సొంత ఊళ్ళో చిన్న షాపు పెట్టుకుంటున్నాననీ, నువ్వూ వస్తే బాగుంటుందనీ అన్నాడు. ఇది సరేనంది. నాకు చెప్పింది మాత్రం రిజిస్ట్రార్ ఆఫీసులో తేదీ ఖాయమయ్యాకే.

ఆ రోజు పొద్దున అది పెట్టె సర్దుకుంటూ, పాత ఫోను తెచ్చి వంటింటి అరలో పెట్టింది. "ఆయన కొత్తది కొన్నారక్కా. ఇందులో పాటలున్నాయి. నీకు తోచనప్పుడు పెట్టుకో" అంది.

"నాకు తోచకపోవడమేంటి? వెళ్తే వెళ్ళు. నీ గోల వదిలితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను.

దాని చేతిలో మడతపెడుతున్న దుప్పటి ఉంది. మడత పూర్తిచేసింది. "సరే అక్కా. ప్రశాంతంగా ఉండు" అంది.

గోల అని నేను పేరు పెట్టింది దాని పాటకు. అదెప్పుడూ ఒకటే పాట పాడేది. గొడుగు మీద ఏదో పాత సినిమా పాట. పల్లవి మొత్తం వచ్చు. చరణంలో ఒక్క ముక్క రాదు. ఉప్పు డబ్బాకు ఫోను ఆనించి, గరిటె తిప్పుతూ రోజూ పొద్దున పాడేది. ఇరవై రెండేళ్ళలో ఆ గొడుగు ఒక్కసారి కూడా ముయ్యలేదు.

అది వెళ్ళాక ఇల్లు నిజంగానే ప్రశాంతంగా ఉంది. కొళాయి చుక్క గిన్నెలో పడితే పక్క గదిలోకి వినిపించేది. నేను చెంచా కింద పెడితే ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడేదాన్ని. పదిరోజులు అలా గడిచాక ఆ పాత ఫోను తీశాను. పాటల పట్టీ కిందికి జరుపుతూ పోతే అట్టడుగున ఒక సంచి బొమ్మ, దాని కింద పేరు: గోల. పక్కన నలభై ఒకటి అని అంకె. అది తెరుద్దామనుకునేలోగా ఫోను ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

ఫోన్లు బాగుచేసే అతను వెనక మూత తీసి నాకు చూపించాడు. "బ్యాటరీ పూరీలా పొంగింది చూడండి. దీన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టారంటే పాటలు కాదు, టపాసులు వినిపిస్తాయి" అన్నాడు. లోపల గోరంత మెమరీ కార్డు ఉంటే దాన్ని తీసి నా ఫోన్లో వేశాడు. పాటలకు ఒక యాప్ కూడా పెట్టి, "ఇంక మీరే చూసుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చి యాప్ తెరిచాను. అంతా తెలుగులోనే ఉంది. సంతోషపడ్డాను. మొదటి ప్రశ్నే ఇది: మెమరీ కార్డులో 412 పాటలు ఉన్నాయి. దిగుమతి చేయాలా? అవును. కాదు.

నేను 'కాదు' నొక్కాను.

మీకు నవ్వు రావచ్చు. కానీ ఇరవై ఆరేళ్ళుగా నా చేతి మీదుగా దిగుమతి కాని లారీ లేదు. దిగుమతి అంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. దించాక బండి ఖాళీ. దించిన సరుకు మన దగ్గరకు చేరిందా, మధ్యలో ఎక్కడైనా జారిందా అన్నది తర్వాతి సంగతి. బండిలో మాత్రం మిగలదు. అనుమానం తీరక మర్నాడు మా హమాలీ మేస్త్రీని అడిగాను. "మేస్త్రీ, దిగుమతి అయ్యాక బండిలో ఏముంటుంది?"

"దుమ్ముంటుంది మేడమ్. అదృష్టం బాగుంటే డ్రైవర్ చెప్పులుంటాయి" అన్నాడు.

ఆ కార్డులో ఉన్నవి మా చెల్లి పాటలు. నా చేతకానితనంతో దారిలో పారబోసుకుంటే మళ్ళీ తెచ్చే బండి లేదు. అందుకని యాప్ తెరిచిన ప్రతిసారీ అది అడగడం, నేను కాదనడం. మూడు నెలలు ఇదే వరస.

చెల్లిని అడగొచ్చు కదా అంటారు. ప్రతి ఆదివారం అది ఫోన్ చేసేది. "తిన్నావా అక్కా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా." "ఆయన?" "తిన్నారు." అందరం తిన్నాక ఇంక మాట్లాడటానికి ఏముంటుంది? పాటల సంగతి అడిగితే ఎందుకని అడుగుతుంది. నీ గోల వినాలనుందే అని చెప్పాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి పళ్ళ దగ్గర కూర్చునేది. రెండు నిమిషాల తర్వాత, "సరే అయితే, ఉంటా" అనేదాన్ని.

ఒక బుధవారం పొద్దున యాప్ కొత్త మాట చెప్పింది: మెమరీ కార్డు పాడయ్యే స్థితిలో ఉంది. వెంటనే దిగుమతి చేసుకోండి.

బస్సులో నిలబడి ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. దించితే పోతాయేమోనని భయం. దించకపోతే పోవడం ఖాయం. గోడౌన్‌లో మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఓపికపట్టి, హమాలీలు పెట్టెల వెనక నీడకు వెళ్ళాక, నా బల్ల మీది ఆఫీసు ఫోను తీసి యాప్ సహాయ కేంద్రానికి చేశాను. ఎదురుగా నా ఫోను, పక్కన నా అట్టా పెన్సిలూ.

చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. పేరు చెప్పింది కానీ కంగారులో నాకు ఎక్కలేదు. ఆ అమ్మాయి వెనక ఇంకా చాలా గొంతులు, అన్నీ మూసి తెరవండి, మూసి తెరవండి అంటున్నాయి.

"చెప్పండి మేడమ్, మీ సమస్య ఏంటి?"

"మా చెల్లి పాటలు రావట్లేదమ్మా."

"ఆవిడ సింగరా అండీ?"

"కాదు. కళ్ళద్దాల షాపు."

"యాప్ ఒకసారి మూసి మళ్ళీ తెరవండి మేడమ్."

"తెరిచా."

"ఫోన్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి."

"అదీ అయింది. ఇంక మిగిలింది నన్ను ఆఫ్ చేసి ఆన్ చేయడమే."

ఆ అమ్మాయి నవ్వింది. గొంతులో ఉన్న పాఠం కాస్త సడలింది. "దిగుమతి చేశారా మేడమ్?"

"చెయ్యలేదు. చేస్తే కార్డు ఖాళీ అయిపోదూ?"

"ఖాళీ ఎందుకవుతుందండీ?"

"లారీ దిగుమతి అయ్యాక లారీలో సరుకుంటుందా?"

"లారీ ఏంటండీ?" అని, నేను విషయం చెప్పాక, "అయ్యో, మూడు నెలల నుంచీ అందుకే నొక్కలేదా!" అంది. "అది దించడం కాదు మేడమ్. నకలు తీసుకోవడం. కార్డులోవి కార్డులోనే ఉంటాయి. వాటి నకలు మీ యాప్‌లోకి వస్తుంది. ఎవరో ఆ పేరు పెట్టారు."

"కార్బన్ కాపీ లాగానా?"

"అదేంటండీ?"

"నీ వయసెంతమ్మా? సర్లే. నొక్కుతున్నా."

'అవును' నొక్కాను. ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకింది. ఆ గీత నడిచినంతసేపూ నేను ఊపిరి పట్టుకునే ఉన్నాను. దిగుమతి పూర్తయింది, 371 పాటలు అని వచ్చింది.

"వచ్చేశాయి కదా మేడమ్! ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఆగమ్మా. నాలుగు వందల పన్నెండు ఉండాలి. నలభై ఒకటి తరుగు."

"ఒక్కోసారి కొన్ని ఫైళ్ళు పాడైపోతాయండీ."

"పాడైనా సరుకు సరుకే. పాడైందని చూపించాలి గానీ లెక్కలోంచి తీసేస్తే ఎలా? నలభై ఒకటీ ఒకే సంచిలోవి. గోల అని పేరు. సంచి వచ్చింది, లోపల సున్నా అంటోంది."

అటు కీబోర్డు చప్పుడు. ఎవరినో ఏదో అడిగింది. నేను అట్ట మీద నలభై ఒకటి అని రాసి చుట్టూ సున్నా చుట్టాను. సరుకు తగ్గినప్పుడు మేం అలాగే చుడతాం. ఆ సున్నా మీద పెన్సిల్ ఎన్నిసార్లు తిప్పానో, కాగితం చిరిగింది.

"మేడమ్, దొరికింది! సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. కింద 'నిమిషం కన్నా చిన్నవి దాచు' అని ఉందా? అది ఆన్‌లో ఉంటుంది. ఫోన్లో రింగ్‌టోన్లూ అవీ పాటల్లో కలవకుండా పెడతారు. దాన్ని ఆఫ్ చేయండి."

ఆఫ్ చేశాను. గోల సంచిలో నలభై ఒకటీ వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటికి పేర్లు లేవు, తేదీలే. ముప్ఫై రెండు సెకన్లు, ఇరవై ఎనిమిది, నలభై. నిమిషం దాకా వచ్చింది ఒక్కటీ లేదు.

మొదటిది నొక్కాను. హమాలీలు వింటారని సౌండు తగ్గించి చెవి దగ్గర పెట్టుకున్నాను. నూనె చిటపట. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. ఆ మూత నాకు తెలుసు, దానికి పిడి లేదు. తర్వాత చెల్లి గొంతు. నేను గుర్తుపెట్టుకున్నదాని కన్నా సన్నగా ఉంది. గొడుగు విప్పింది, వాన మొదలైంది, పల్లవి చివరికొచ్చింది, ఏదో గొణుగుడు లాంటి చప్పుడు, ఆగిపోయింది.

రెండోది. అదీ అక్కడే ఆగింది. మూడోదీ అంతే.

"ఉన్నారా మేడమ్?"

"ఉన్నా. పాటలు సగంలో తెగిపోతున్నాయమ్మా. నీ యాప్ పల్లవి దాటనివ్వట్లేదు."

"స్క్రీన్ ఆరిపోయినప్పుడు ఆగుతోందా? అలాగైతే బ్యాటరీ పొదుపు..."

"స్క్రీన్ వెలుగుతూనే ఉంది."

"ఒక పని చేయండి. సౌండ్ మొత్తం పెంచి, ఈ ఫోన్ దగ్గర పెట్టండి. నేను వింటా."

సౌండు పెంచి, రెండు ఫోన్లూ ఒకదానికొకటి ఆనించాను. గొడుగు పాట గోడౌన్ రేకుల కప్పు దాకా వెళ్ళింది. నీడలోంచి మేస్త్రీ తల ఎత్తి చూశాడు. పల్లవి చివరి మాట అయింది. అంతకుముందు గొణుగుడనుకున్నది ఇప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఆపవే నీ గోల!"

ఆ అమ్మాయే మెల్లగా అంది. "మేడమ్, చివర్లో ఎవరో ఆపమంటున్నారండీ."

"ఇంకోటి పెడతా" అన్నాను. పెట్టాను. "ఆపుతావా లేదా?" ఇంకోటి. "తల పగిలిపోతోందే, బాబూ!" దాని తర్వాత చెల్లి చిన్నగా నవ్వడం, పొయ్యి గట్టు మీద ఫోను గీసుకున్న చప్పుడు.

"ఎవరండీ ఆవిడ?"

"అక్కడే, ఆ ఇంట్లోనే ఉంటుంది" అన్నాను.

"అయితే ఆవిడ అరిచినప్పుడల్లా వీళ్ళు రికార్డింగ్ ఆపేసినట్టున్నారు మేడమ్. యాప్ వల్ల కాదు."

"అవునమ్మా. యాప్ తప్పేం లేదు."

"మీ సమస్య పరిష్కారమైందని రాసుకోమంటారా?"

నా అట్ట మీద చిరిగిన సున్నా వైపు చూశాను. ఎదుటివాళ్ళ పని ఆగకూడదు కదా. "రాసుకో" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి, గుడ్డు ఒకటి ఉడకేసి, వంటింట్లో బల్ల మీద కూర్చుని నలభై ఒకటీ విన్నాను. అలవాటు కొద్దీ కాగితం మీద టిక్కులు పెట్టాను. ముప్ఫై తొమ్మిదింటిని ఆపింది నేను. ఒకదాన్ని కుక్కర్ కూత ఆపింది. ఇంకొకదాంట్లో ఫోను ఉప్పు డబ్బా మీంచి జారిపడింది, "అయ్యో" అని ఉంది. గుడ్డు నీళ్ళు ఎప్పుడు ఇగిరిపోయాయో, గిన్నె మాడిన వాసన వచ్చాక లేచాను.

ఆ రోజు బుధవారం. అయినా చెల్లికి ఫోన్ చేశాను.

"ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?" దాని గొంతులో కంగారు.

"ఆదివారం కాకపోతే ఫోన్ చెయ్యకూడదా?"

"చెయ్యొచ్చు. ఎప్పుడూ చెయ్యవు కదా అని. తిన్నావా?"

"ఆ ప్రశ్న పక్కన పెట్టు. నీ గొడుగు పాట ఉంది చూడు, దాని చరణం ఏంటే?"

అటు వెనక ఎక్కడో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది. "చరణమా? నీకెందుకు?"

"నీ కార్డులోవి విన్నా."

"గోల అని ఉన్నాయి చూడు, అవా?"

"అవే. నలభై ఒకటి."

"అన్నీ విన్నావా!" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. "చరణం నేర్చుకుందామని పెట్టుకున్నానక్కా. పాడింది మళ్ళీ వింటే ఎక్కడ తప్పుతున్నానో తెలుస్తుంది కదా. నువ్వు ఒక్కసారి కూడా తప్పేదాకా పోనిస్తేగా?"

"ఇప్పుడు పాడుతున్నావా అక్కడ?"

"పాడుతున్నా. ఇక్కడ ఎవరూ ఆపమనరు. ఆయనైతే తల కూడా ఊపుతారు. దాంతో నేరుగా చరణంలోకి వెళ్ళి పడుతున్నా. పడ్డాక తెలుస్తోంది, నాకది రాదని."

ఇద్దరం నవ్వాం. నా నవ్వు ముందు ఆగిపోయింది.

"ఆ రోజు నేనన్న మాట..." అన్నాను.

"ఏ మాట?"

"ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని."

"ఉందా?"

"ఉందే. చాలా ఉంది."

కొళాయి చుక్క ఒకటి గిన్నెలో పడింది. అది దానికీ వినిపించే ఉంటుంది. "ఆ కొళాయి ఇంకా బాగుచేయించలేదా?" అంది.

"పాడవే ఒకసారి."

"ఇప్పుడా? ఆయన భోజనానికి కూర్చున్నారు."

"రెండు ముక్కలు చాలు."

గొంతు తగ్గించి పాడింది. గొడుగు విప్పింది. వాన వచ్చింది. పల్లవి అయ్యాక ఆగింది. నేను ఎదురుచూశాను. అదీ ఎదురుచూస్తోంది.

"ఏంటే ఆపావు?"

"నువ్వంటావేమోనని."

"అనను. పాడు."

పాడింది. మాటలు లేవు, లలలా అంటూ రాగం లాక్కుపోయింది. ఆ దారి నేనెప్పుడూ వినలేదు. నేననుకున్నంత గోలగా ఏమీ లేదు. నాలుగు అడుగులు వేసిందో లేదో, అద్దాలాయన దగ్గు వినిపించింది. కూర గిన్నె ఎక్కడని ఏదో అడిగాడు.

"ఉంటానక్కా. అవి నాకు పంపవా? ఆ నలభై ఒకటీ."

"నువ్వు పాడినవి నీకెందుకే?"

"పాటలకు కాదులే" అంది. పెట్టేసింది.

యాప్ తెరిచి నలభై ఒకటీ ఎంచుకున్నాను. 41 ఫైళ్ళు ఎగుమతి చేయాలా? అని అడిగింది. ఈసారి నాకు తెలుసు, బండి ఎక్కించినా గోడౌన్ ఖాళీ అవదు. 'అవును' నొక్కాను. అన్నీ వెళ్ళి మెసేజుల్లో చెల్లి పేరు కింద వరసగా చేరాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో బూడిదరంగు టిక్కు. అవతలివాళ్ళు వింటే అది నీలంగా మారుతుందని నాకు తెలుసు.

మాడిన గిన్నె నానబెట్టి, ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి, ఎదురుగా కూర్చున్నాను. పావుగంటకు మొదటి టిక్కు నీలమైంది. అర నిమిషానికి రెండోది. తర్వాత మూడోది. అది అక్కడ కూర్చుని ఒక్కోదాన్నీ చివరిదాకా వింటోంది. నేను పెన్సిల్ తీసి పక్కన గీతలు గీశాను. ఇరవై రెండేళ్ళలో అంతసేపు ఇద్దరం ఒకే పాట దగ్గర కూర్చోవడం అదే మొదలు.

పదిహేడో దాని దగ్గర ఆగింది. పద్దెనిమిదోది నీలం కాలేదు.

ఎవరో పిలిచి ఉంటారు. అక్కడ దానికి పనులుంటాయి. నేను కాగితం మీద పదిహేడు గీతల కింద ఇంకా ఇరవై నాలుగింటికి చోటు వదిలాను. కొళాయి చుక్క పడుతోంది. తెర ఆరిపోబోతే వేలితో తాకి వెలిగించాను. మళ్ళీ ఆరబోతే మళ్ళీ తాకాను.